పర్మిట్ అక్కర్లేని రాష్ట్రంలోనూ పర్మిట్ ఎందుకు? అమెరికా గన్ చట్టాల్లో మనవాళ్లు తడబడే చోట్లు

"టెక్సస్‌లో గన్ పెట్టుకుని తిరగడానికి ఇప్పుడు లైసెన్సే అక్కర్లేదట కదా" అని అమెరికాలో కొత్తగా దిగినవాళ్లు తరచూ అడుగుతుంటారు. అందులో అబద్ధం లేదు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవడానికి పర్మిట్ తప్పనిసరి కాదు. జార్జియా 2022లో, ఫ్లోరిడా 2023 జులైలో అదే దారి పట్టాయి, 2024లో సౌత్ కరోలినా, లూసియానా కూడా చేరాక ఇలాంటి రాష్ట్రాలు 29 అయ్యాయి. వర్మాంట్‌లో అయితే ఈ పర్మిట్ అనేది మొదటినుంచీ లేనేలేదు.

చిక్కంతా ఆ మాటను అర్థం చేసుకోవడంలోనే. పర్మిట్ అక్కర్లేదంటే, గన్ పెట్టుకునే అర్హత అప్పటికే ఉన్న మనిషి విడిగా ఇంకో కార్డు తీసుకోనక్కర్లేదని, అంతవరకే. ఎవరికి అర్హత ఉంది, ఎక్కడికి తీసుకెళ్లకూడదు, రాష్ట్రం దాటితే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేది రాష్ట్రం ఒక్కటే కాదు, అంతకంటే ముందు ఫెడరల్ చట్టం. మనవాళ్లలో చాలామంది పొరపాటు పడేది సరిగ్గా అక్కడే, ఎందుకంటే అందరూ ముందు "మీరుండేది ఏ రాష్ట్రం" అని అడుగుతారు గానీ "మీది ఏ వీసా" అని అడగరు.

ఉద్యోగుల హెచ్-1బీ, వాళ్ల కుటుంబాల హెచ్-4, కంపెనీ బదిలీల ఎల్-1, విద్యార్థుల ఎఫ్-1, తల్లిదండ్రులు వచ్చే బీ-2 విజిటర్ వీసా, ఇవన్నీ చట్టం దృష్టిలో నాన్ ఇమిగ్రెంట్ వీసాలే, అంటే శాశ్వత నివాసానికి కానివి. ఇలాంటి వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని 1998 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. కొనకూడదనే కాదు, చేత్తో పట్టుకోకూడదు కూడా. వీకెండ్ సరదాకి షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె గన్ తీసుకుని నాలుగు రౌండ్లు కాల్చి ఫొటో దిగినా, చట్టం లెక్కలో అది దగ్గర పెట్టుకోవడమే. ఈ నిషేధాన్ని ఉల్లంఘిస్తే పడే గరిష్ఠ శిక్షను 2022లో కాంగ్రెస్ 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచింది.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో సామాన్యుడికి పనికొచ్చేది ఒకటే. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు. నిజంగా అడవికి వెళ్లి వేటాడాలన్న షరతేమీ లేదు, లైసెన్స్ చేతిలో ఉంటే చాలు. చాలా రాష్ట్రాల్లో ఇది ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు, ఆఖరికి చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు కూడా ఈ దారిలో గన్ కొంటున్నారు. 2024లో జార్జియాలో ఒక తెలుగు విద్యార్థి సొంత తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయిన వార్త వచ్చినప్పుడు, విద్యార్థులకు అక్కడ గన్ ఎలా ఇస్తారని ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోయారు. ఇస్తారు, దారి ఇదే. కొనడం ఇంత సులువైనా, దాన్ని ఎలా పట్టుకోవాలి, శుభ్రం చేసే ముందు ఛాంబర్‌లో తూటా ఉందో లేదో ఎలా చూడాలి అన్న శిక్షణ మాత్రం గన్ అమ్మేటప్పుడు చాలా రాష్ట్రాల్లో ఎవరూ అడగరు. ఈ మినహాయింపులో అసలు ప్రమాదం అదే.

ఇంకో మెలిక కూడా ఉంది. వేట లైసెన్స్ తప్పించేది ఫెడరల్ నిషేధాన్ని మాత్రమే, రాష్ట్ర చట్టం సంగతి దానికి సంబంధం లేదు. ఫ్లోరిడానే తీసుకోండి. అక్కడ కన్సీల్డ్ క్యారీ (గన్ కనపడకుండా వెంట ఉంచుకునే) లైసెన్స్ రావాలంటే పౌరుడన్నా అయ్యుండాలి, గ్రీన్‌కార్డన్నా ఉండాలి. 2023లో పర్మిట్ అక్కర్లేదని తెచ్చిన చట్టమేమో, లైసెన్స్ పొందడానికి తగిన అర్హతలున్నవాళ్లు ఆ కార్డు లేకుండానే గన్ పెట్టుకోవచ్చంది. కార్డు పోయింది గానీ అర్హత షరతులు అలాగే మిగిలాయి. అంటే వేట లైసెన్స్ చూపించి షాపులో గన్ కొన్న హెచ్-1బీ ఉద్యోగి, "పర్మిట్ అక్కర్లేని" ఫ్లోరిడాలో దాన్ని షర్టు కింద దోపుకుని బయటికి వెళ్తే నేరం చేసినట్టే. వార్తల హెడ్డింగ్ ఒక్కటి చదివి వదిలేసినవాడికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

వీసా స్టేటస్, అంటే దేశంలో చట్టబద్ధంగా ఉండే హోదా, పోతే పరిస్థితి ఇంకా దారుణం. స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకి వచ్చిన ఒక యూఏఈ కుర్రాడు మార్కులు రాక యూనివర్సిటీ నుంచి బయటపడ్డాడు, దాంతో స్టేటస్ పోయింది, ఆ తర్వాత రేంజ్‌కి వెళ్లి గన్ పేల్చాడు. చట్టవిరుద్ధంగా దేశంలో ఉంటూ తుపాకీ పట్టుకున్నాడని కేసు పెట్టారు. రెహైఫ్ కేసు అంటారు దీన్ని. 2019లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో, తుపాకీ పట్టుకున్నాడని రుజువు చేస్తే చాలదు, తన స్టేటస్ పోయిన సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని తేల్చింది. అతనికి అది ఊరటే, కానీ ఆ తీర్పు దాకా ఏళ్లు పట్టాయి. లేఆఫ్ అయ్యి గ్రేస్ పీరియడ్ (ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే గడువు) దాటిపోతున్న టెన్షన్‌లో, బీరువాలో ఉన్న గన్ సంగతి ఎవరికి గుర్తుంటుంది?

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఇంకో పరిస్థితి, ఒకే ఇంట్లో రెండు రకాల స్టేటస్‌లు. భర్తకి పౌరసత్వం వచ్చింది, ఊరి నుంచి అత్తమామలు బీ-2 మీద ఆరు నెలలుండటానికి వచ్చారు. లేదా భార్యకి గ్రీన్‌కార్డ్, తమ్ముడు ఎఫ్-1 మీద అదే ఇంట్లో ఉంటున్నాడు. గన్ కొన్నది అర్హత ఉన్న మనిషే, అందులో తప్పు లేదు. కానీ సేఫ్ తాళం, కోడ్ అందరికీ తెలిసి ఉంటే, నిషేధం ఉన్న మనిషికి కూడా ఆ గన్ అందుబాటులో ఉన్నట్టు వాదించడానికి ప్రాసిక్యూటర్‌కి అవకాశం దొరుకుతుంది. కోడ్ ఒక్కరి దగ్గరే ఉంచుకోవడం ఇందుకే. ఇక తమ్ముడి కోసం అక్క తన పేరు మీద కొనిపెడితే అది నేరుగా ఫెడరల్ నేరం. షాపులో నింపే 4473 ఫారం మొదట్లోనే అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతుంది, వీసా స్టేటస్ కూడా అడుగుతుంది, కింద సంతకం పెట్టాక తెలియదంటే కుదరదు.

గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి కొనడానికి ఫెడరల్ అడ్డు లేదు. వాళ్ల భయం వేరే. ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడితే అది దేశం నుంచి పంపేయడానికి కారణమవుతుంది, పౌరుడైతే జరిమానాతోనో ప్రొబేషన్‌తోనో బయటపడే కేసులో గ్రీన్‌కార్డ్ మనిషి మూటాముల్లె సర్దుకోవాల్సి రావచ్చు. గృహహింస కేసుదీ అదే తీరు. మిస్‌డిమీనరే (చిన్న నేరమే) కదా, ఒప్పేసుకుంటే పోతుందని లాయరు చెప్పినట్టు సంతకం పెడితే, 1996 నాటి సవరణ వల్ల గన్ పెట్టుకునే హక్కు పోతుంది, ఇమిగ్రేషన్ గొడవ అదనం. భార్యనో భాగస్వామినో బెదిరించొద్దని, వేధించొద్దని కోర్టు ఇచ్చే రెస్ట్రెయినింగ్ ఆర్డర్ అమల్లో ఉన్నంతకాలం కూడా నిషేధం ఉంటుంది, ఆ నియమం సరైనదేనని 2024లో రహీమి కేసులో సుప్రీంకోర్టు 8-1తో సమర్థించింది.

ఈ ఫెడరల్ గడప దాటాకే రాష్ట్రాల గోల మొదలవుతుంది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలంటే ప్రాణభయం ఉందనో, ఇంకో గట్టి కారణమో చూపించాలి, జిల్లాలో కలెక్టరో, హైదరాబాద్ లాంటి చోట పోలీస్ కమిషనరో నమ్మితే ఇస్తారు, లేకపోతే లేదు. న్యూయార్క్ కూడా 1911 నుంచి ఇంచుమించు ఇలాగే నడిచింది. అందరిలా కాదు, నాకు ప్రత్యేకమైన అవసరం ఉందని నిరూపించుకోవాలి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, మేరీల్యాండ్, మసాచుసెట్స్, హవాయీలవీ ఇలాంటి పద్ధతులే. మిగతా రాష్ట్రాలు చాలావరకు 1987లో ఫ్లోరిడా తెచ్చిన పద్ధతి వైపు వెళ్లిపోయాయి, అర్హతలన్నీ ఉంటే అధికారి ఇచ్చి తీరాలి, "నీకెందుకు" అని అడగకూడదు. 2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు 6-3తో న్యూయార్క్ పద్ధతిని కొట్టేసింది. ఆత్మరక్షణ కోసం బయట గన్ వెంట ఉంచుకోవడం రాజ్యాంగ హక్కే, ఆ హక్కు వాడుకోవడానికి ప్రత్యేక కారణం చూపించమనకూడదని.

దీంతో న్యూయార్క్‌లో గన్ పర్మిట్ సులువైపోయిందనుకుంటే తప్పులో కాలేసినట్టే. తీర్పొచ్చిన ఎనిమిది రోజుల్లోనే రాష్ట్ర అసెంబ్లీ కొత్త చట్టం తెచ్చింది, సెప్టెంబరు 1 నుంచి అమలు. 16 గంటల క్లాసు, 2 గంటల కాల్పుల శిక్షణ, మంచివాడని చెప్పడానికి నలుగురి పేర్లు, ఆపైన గన్ తీసుకెళ్లకూడని చోట్ల పొడుగాటి జాబితా. అందులో సబ్‌వే (నగర మెట్రో రైలు) ఉంది, బార్లున్నాయి, టైమ్స్ స్క్వేర్‌ని పేరు పెట్టి మరీ చేర్చారు. కాలిఫోర్నియా కూడా 2024లో అదే బాట పట్టింది. కారణం అడగొద్దని కోర్టు అంటే, సరే అడగం, కానీ ఎక్కడికీ తీసుకెళ్లలేవు అన్నాయి ఈ రాష్ట్రాలు. ఆ జాబితాల మీద కేసులు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి కాబట్టి కాలిఫోర్నియా, న్యూయార్క్, హవాయీల్లో ఏ చోటు నిషేధమో పాత వీడియో చూసి నమ్మడం మంచిది కాదు.

పర్మిట్ ఎవరిస్తారన్నదీ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. జార్జియాలో ప్రొబేట్ కోర్టు (వీలునామాలు చూసే కోర్టు), పెన్సిల్వేనియాలో షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి), టెక్సస్‌లో పబ్లిక్ సేఫ్టీ శాఖ, ఫ్లోరిడాలో అయితే, నమ్మినా నమ్మకపోయినా, వ్యవసాయ శాఖ.

ఇక శీర్షికలో అడిగిన ప్రశ్నకి వద్దాం. అక్కర్లేని చోట కూడా పర్మిట్ తీసుకోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం బడులు. స్కూలు ఆవరణ చుట్టూ 1000 అడుగుల లోపు గన్ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది. అందులో ఒక మినహాయింపు, ఆ స్కూలున్న రాష్ట్రమే ఇచ్చిన లైసెన్స్ ఉంటే ఫరవాలేదు. లైసెన్స్ అక్కర్లేదని రాష్ట్రం చెప్పినంత మాత్రాన లైసెన్స్ ఉన్నట్టు కాదు కదా. వెయ్యి అడుగులంటే ఎంతో కాదు, మూడు వందల మీటర్లు. డాలస్ శివారు ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇంటి నుంచి కాస్త దూరం వెళ్తే ఏదో ఒక స్కూలు తగలకుండా ఉండదు. గన్ ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో కారులో ఉంటే గొడవ లేదు, నడుముకి పెట్టుకుని ఆ రోడ్డు మీద వెళ్తే లైసెన్స్ లేని మనిషి సాంకేతికంగా ఫెడరల్ నేరం చేసినట్టే. ఈ ఒక్కదాని మీదే పట్టుకుని కేసులు పెట్టడం అరుదు, నిజమే. కానీ ఇంకేదో గొడవలో చిక్కుకున్నప్పుడు ఇదీ చేరితే కొంప మునుగుతుంది.

టెక్సస్‌లోనే ఇంకొన్ని లాభాలున్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్‌లోకి 2016 నుంచి గన్ తీసుకెళ్లనిస్తున్నారు, కానీ లైసెన్స్ ఉన్నవాళ్లని మాత్రమే, అదీ కనపడకుండా. మర్చిపోయి ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ దాకా తీసుకెళ్లినా, చెప్పగానే వెనక్కి తిరిగితే రాష్ట్ర కేసు నుంచి రక్షణ లైసెన్స్ ఉన్నవాళ్లకే. ఫీజు 40 డాలర్లు, నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, ఒక షూటింగ్ టెస్టు. చెప్పాలంటే ఆ క్లాసు కోసమైనా తీసుకోవాలి, ఎందుకంటే ఎప్పుడు కాల్చొచ్చు అన్నది అందులోనే చెప్తారు. వెంట పెట్టుకోవడానికి అనుమతి వేరు, పేల్చడానికి చట్టం ఒప్పుకోవడం వేరు, ఈ రెండోదాని మీద ఒక్కో రాష్ట్రం ఒక్కో మాట అంటుంది. ఫ్లోరిడాలో 2005 నుంచి వెనక్కి తగ్గాల్సిన పని లేదు, న్యూయార్క్‌లో ఇంటి బయట సురక్షితంగా తప్పుకునే వీలుంటే ముందు తప్పుకోవాలి.

టెక్సస్ షాపుల తలుపుల మీద కనిపించే బోర్డుల సంగతి కూడా చూడాలి. 30.05 అని ఉంటే లైసెన్స్ లేనివాళ్లు గన్‌తో లోపలికి రాకూడదు. 30.06 అంటే లైసెన్స్ ఉన్నా దాచుకుని రాకూడదు, 30.07 అంటే లైసెన్స్ ఉన్నా బయటికి కనపడేలా రాకూడదు. 30.06, 30.07 బోర్డులు చట్టం చెప్పిన మాటలతోనే, ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, కొట్టొచ్చినట్టు కనిపించే రంగుల్లో ఉండాలి. చిన్న స్టిక్కర్ అంటించి ఊరుకుంటే లైసెన్స్ ఉన్న మనిషి మీద అది చెల్లడం కష్టం. ఎర్రగా 51% అని కనిపిస్తే అది సగానికి పైగా రాబడి అక్కడే తాగే మందు మీద వచ్చే చోటని, అక్కడికి గన్‌తో అడుగే పెట్టకూడదు. గుళ్ల కమిటీలు గమనించాల్సింది ఏమిటంటే, 2019లో టెక్సస్ చట్టం మార్చాక ప్రార్థనాస్థలాలు కూడా మిగతా ప్రైవేటు స్థలాల్లాంటివే, వద్దనుకుంటే బోర్డు పెట్టాలి లేదా నోటితో చెప్పాలి. వేంకటేశ్వరస్వామి గుళ్లోకి గన్‌తో ఎవరొస్తారులే అనుకుని వదిలేస్తే, వచ్చినవాడిది తప్పు కాకుండా పోతుంది. ఆఫీసు సంగతి వేరు. కారులో తాళం వేసి ఉంచుకుంటే టెక్సస్‌లో చాలావరకు యజమాని అడ్డు చెప్పలేడు, బిల్డింగ్‌లోకి తెస్తే మాత్రం కంపెనీ రూలుతో ఉద్యోగం పోతుంది, హెచ్-1బీ మనిషికి ఉద్యోగం పోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రాష్ట్రం సరిహద్దు దాటడం అన్నిటికంటే ప్రమాదం. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్‌తో న్యూజెర్సీలో కారు నడపొచ్చు, టెక్సస్ గన్ లైసెన్స్ న్యూజెర్సీలో చిత్తు కాగితం. కొన్ని రాష్ట్రాలు ఒకరి పర్మిట్‌ని ఒకరు ఒప్పుకుంటాయి, న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా ఎవరినీ ఒప్పుకోవు. దేశమంతా చెల్లేలా చేయాలన్న బిల్లు 2017 డిసెంబరులో ప్రతినిధుల సభ దాటింది, సెనేట్‌లో ఆగిపోయింది.

దీని దెబ్బ ఎలా ఉంటుందో 2013లో ఒక ఫిలడెల్ఫియా మహిళ చూసింది. పెన్సిల్వేనియా పర్మిట్ ఉంది, నది దాటి న్యూజెర్సీలోకి వెళ్లింది, ట్రాఫిక్ స్టాప్‌లో పోలీసు ఆపితే తనంతట తానే "నా దగ్గర గన్ ఉంది, ఇదిగో పర్మిట్" అని చెప్పింది. అరెస్టు చేశారు. న్యూజెర్సీలో పర్మిట్ లేని హ్యాండ్‌గన్‌కి కనీసం మూడున్నరేళ్లు జైలు తప్పదన్న నియమం ఉంది, నిజాయితీగా చెప్పిందన్న కనికరం ఆ నియమంలో లేదు. గొడవ పెద్దదయ్యాక ప్రాసిక్యూటర్ మెత్తబడ్డాడు, చివరికి 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చాడు. ప్రతి ఒక్కరికీ గవర్నర్ దొరకడు.

దారిలో దాటిపోయేవాళ్ల కోసం 1986 ఫెడరల్ చట్టంలో ఒక రక్షణ ఉంది. బయల్దేరిన చోటా, చేరే చోటా గన్ ఉంచుకునే హక్కుంటే, దాన్ని ఖాళీ చేసి, గన్నూ తూటాలూ చేతికి అందకుండా డిక్కీలో పెట్టుకుని మధ్యలో ఉన్న రాష్ట్రాలు దాటొచ్చు. కాగితం మీద బాగానే ఉంది. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒకతనికి న్యూజెర్సీలోని నెవార్క్‌లో ప్రయాణం కుదరక రాత్రి అక్కడే హోటల్లో ఉండాల్సొచ్చింది, గన్ ఉన్న లగేజీ చేతికిచ్చారు. పొద్దున్నే ఎయిర్‌పోర్ట్ కౌంటర్లో పద్ధతిగా డిక్లేర్ చేశాడు, అక్కడే అరెస్టు చేశారు. కేసు తర్వాత కొట్టేశారు గానీ, అన్యాయంగా అరెస్టు చేశారని అతను వేసిన దావా 2010లో అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. కారణం, హోటల్ గదిలో ఆ రాత్రి బ్యాగు అతనికి అందుబాటులో ఉంది కాబట్టి ఫెడరల్ రక్షణ వర్తించదని. ఇలాంటి చోట లగేజీ చేతికి తీసుకోకుండా ఎయిర్‌లైన్ దగ్గరే ఉంచమని అడగాలి.

పోలీసు ఆపినప్పుడు గన్ ఉందని చెప్పాలా వద్దా అన్నదీ రాష్ట్రాన్ని బట్టే. మిషిగన్‌లో వెంటనే చెప్పాలి. టెక్సస్‌లో పోలీసు ఐడీ అడిగినప్పుడు గన్ దగ్గరుంటే లైసెన్స్ కూడా కలిపి ఇవ్వాలి. చెప్పినా చెప్పకపోయినా చేతులు మాత్రం స్టీరింగ్ మీదే ఉండాలి, డాష్‌బోర్డ్ అర తెరుస్తూ "ఉంది" అనడం చాలా చెడ్డ ఆలోచన.

చివరగా ఎయిర్‌పోర్ట్. చెక్-ఇన్ బ్యాగేజీలో, ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్లో చెప్పి ఇస్తే దేశంలో విమానంలో గన్ తీసుకెళ్లొచ్చు. 2023లో సెక్యూరిటీ చెక్‌లో బ్యాగుల్లో దొరికిన గన్‌లు 6,737, వాటిలో 93 శాతం లోడ్ చేసి ఉన్నవే, చాలామంది చెప్పింది మర్చిపోయామనే. ఇండియా వచ్చేటప్పుడు గన్ ఎవరూ తీసుకురారు గానీ, రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్ అడుగున ఉండిపోయిన ఒక్క తూటా చాలు, ఇక్కడ ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. తెలియకుండా ఉండిపోయిందని రుజువైతే మన కోర్టులు కొట్టేస్తాయి, కానీ ఎఫ్ఐఆర్ అయ్యి అది తేలేలోపు తిరుగు టికెట్ తేదీ దాటిపోతుంది. రేంజ్‌కి ఒక బ్యాగు, ప్రయాణానికి వేరే బ్యాగు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.